పేరు చివర తప్పిన ఫైళ్లు: అభన్‌పూర్ చాయిస్ సెంటర్ నుంచి కొన్ని అనుభవ పాఠాలు

రాయ్‌పూర్ నుంచి ధమ్తరీ వెళ్లే రోడ్డులో ముప్పై కిలోమీటర్లు నిండకముందే వచ్చే ఊరు అభన్‌పూర్. ఆ రోడ్డు పట్టుకుని అలాగే పోతే జగదల్‌పూర్, కుంట దాటి విజయవాడ చేరతారు. రాజిం వెళ్లే దారి ఇక్కడే చీలుతుంది. విశాఖపట్నానికి వేస్తున్న 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారికి ఇటు కొస కూడా మా చుట్టుపక్కలే. మన దగ్గర మీసేవ కేంద్రాలు చేసే పని ఇక్కడ చాయిస్ సెంటర్లు చేస్తాయి. భూమి కాగితాలైన బీ-1, ఖస్రాల నకళ్లు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ ప్రింటు, పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్, ఏది కావాలన్నా జనం అక్కడికే వస్తారు. అలాంటి ఒక సెంటర్లో బల్ల వెనక కూర్చునే నా వయసు గడిచింది.

ఈ పనిలో నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది. ఫోనో పెన్‌డ్రైవో చేతికిచ్చి, ‘ఫైల్ ఖరాబ్ హోగే’ అంటారు. మన తెలుగువాళ్లయితే ‘ఫైలు పాడైపోయిందండీ’ అంటారు. తెరిచి చూస్తే చాలాసార్లు ఫైలుకు ఏమీ కాలేదు. డౌన్‌లోడ్ చేసినప్పుడు బ్రౌజర్ దాని పేరు చివర, చుక్క తర్వాత, తప్పు ఎక్స్‌టెన్షన్ తగిలించింది, అంతే. ఆ మూడు నాలుగు అక్షరాల కోసం పల్లె నుంచి మళ్లీ బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. ఫీజు రెండోసారి కట్టినవాళ్లున్నారు. ఆఖరు తేదీ దాటబెట్టుకున్న పిల్లలున్నారు. నాకు బాధ కలిగించేది అదే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి నాలుగు సంగతులు తెలిసి ఉంటే వీటిలో చాలా భాగం తప్పేది. ఇప్పుడు ఈ బల్లల వెనక కూర్చుంటున్న కుర్రవాళ్ల కోసం, ఇంట్లోనే ఈ పనులు చేసుకునేవాళ్ల కోసం అవి రాసిపెడుతున్నాను.

1. ఎక్స్‌టెన్షన్ కనబడేలా పెట్టుకోండి

విండోస్ 95 కాలం నుంచి విండోస్‌కు ఒక అలవాటుంది. తనకు తెలిసిన రకం ఫైలైతే దాని ఎక్స్‌టెన్షన్‌ను చూపించదు, దాచేస్తుంది. చూసేవాడికి తేలికగా ఉంటుందని అలా చేశారు. మన పనికి మాత్రం అది పెద్ద అడ్డంకి. కనబడనిదాన్ని సరిచేయలేం. పైగా, ఎక్స్‌టెన్షన్ లేదనుకుని పేరు చివర ‘.పీడీఎఫ్’ అని టైపు చేస్తాం. అప్పుడు దాని అసలు పేరు ‘.పీడీఎఫ్.జేపీజీ’ అయి కూర్చుంటుంది.

విండోస్ 10లో ఫోల్డర్ తెరిచి పైన ‘వ్యూ’ నొక్కి, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్కు పెట్టండి. విండోస్ 11లో ‘వ్యూ’లో ‘షో’ అని ఉంటుంది, అందులో ఇదే మాట ఉంటుంది. కొత్త కంప్యూటర్ దుకాణానికి వస్తే ప్రింటర్ తగిలించక ముందే ఈ పని చేయండి.

2. బ్రౌజర్ ఆ పేరు ఎక్కడి నుంచి తెస్తుందో తెలుసుకోండి

ఎక్స్‌టెన్షన్ అనేది మిల్లు నుంచి వచ్చే బస్తా మీద వేసే అచ్చు. లోపల ఉన్నది ఏమిటో అచ్చు చెబుతుందే గాని, అచ్చు మారిస్తే లోపలి బియ్యం మారవు. పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, ఆ తర్వాత మూడు అక్షరాలు అనే పద్ధతి 1970లలో సీపీ/ఎం అనే వ్యవస్థలో ఉండేది. 1981లో వచ్చిన డాస్ దాన్నే తీసుకుంది, విండోస్ దాన్నే నమ్ముకుంది. యూనిక్స్ లోకంలో మాత్రం పేరు చివర చూసి ఊరుకోరు. ఫైలులో మొదటి బైట్లు చదివి అది ఏ రకమో చెప్పే ‘ఫైల్’ అనే ఆదేశం అక్కడ 1970ల నుంచే ఉంది.

మరి డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు పేరు పెట్టేదెవరు? సర్వర్ ఫైలు పంపేటప్పుడు ముందుగా కొన్ని వరుసలు పంపుతుంది, అవి మనకు కనబడవు. అందులో ‘కాంటెంట్-టైప్’ అనేది ఇది ఏ రకం ఫైలో చెబుతుంది. ఈ రకాల పేర్లు మొదట ఈమెయిల్ జోడింపుల కోసం పుట్టాయి. 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రాసిన ‘మైమ్’ అనే ఒప్పందం నుంచి వెబ్ వాటిని అందుకుంది. ‘కాంటెంట్-డిస్పొజిషన్’ అనే ఇంకో వరుస ఫైలును ఏ పేరుతో దాచుకోవాలో చెబుతుంది. ఆ వరుస లేకపోతే బ్రౌజర్ వెబ్ చిరునామాలోని చివరి ముక్కనే పేరుగా తీసుకుంటుంది. అందుకే ధ్రువపత్రం కాస్తా ‘ప్రింట్.ఏఎస్‌పీఎక్స్’ అనో ‘డౌన్‌లోడ్.పీహెచ్‌పీ’ అనో వచ్చి పడుతుంది. అవి సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము పేర్లు. మన పత్రంతో వాటికి సంబంధమే లేదు.

ఈ రెండు వరుసలూ చిరునామా ముక్కా ఒకదానికొకటి పొసగనప్పుడు ఒక్కో బ్రౌజర్ ఒక్కో విధంగా తీర్పు చెబుతుంది. కాబట్టి క్రోమ్‌లో తప్పు పేరుతో వచ్చిన ఫైలు ఫైర్‌ఫాక్స్‌లో సరిగ్గా రావచ్చు, అటుది ఇటూ జరగవచ్చు. ‘మా పక్కింటి వాళ్లకు వచ్చింది, మాకు రాలేదు’ అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. వాళ్లు చెప్పేది నిజమే.

3. పేరు మార్చే ముందు లోపల చూడండి

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఇది. ఫైలు తెరుచుకోకపోతే ముందు దాని కాపీ ఒకటి తీయండి. అసలుదాన్ని ముట్టుకోకండి. కాపీ మీద మౌసు కుడి బటన్ నొక్కి నోట్‌ప్యాడ్‌తో తెరవండి. అర్థం కాని గుర్తులు పేజీల కొద్దీ వస్తాయి, కంగారు పడక్కర్లేదు. మనం చూడవలసింది మొట్టమొదటి వరుసలో మొదటి కొద్ది అక్షరాలే.

శాతం గుర్తు, దాని పక్కన పీ డీ ఎఫ్ అనే పెద్ద అక్షరాలు ఉంటే అది పీడీఎఫ్. బయట పేరు ఏముందన్నది లెక్కలోకి రాదు. ముందు ఒక వింత గుర్తు, తర్వాత పీ ఎన్ జీ ఉంటే పీఎన్‌జీ బొమ్మ. కొద్ది గుర్తుల తర్వాత జే ఎఫ్ ఐ ఎఫ్ అని గాని ‘ఎగ్జిఫ్’ అని గాని కనబడితే జేపెగ్ ఫొటో. జీ ఐ ఎఫ్ 89ఏ అని ఉంటే కదిలే బొమ్మల జిఫ్. పీ కే అని రెండు అక్షరాలుంటే జిప్, లేదా జిప్ కడుపులో పెట్టుకున్న మరో రకం. దాని సంగతి కింద ఐదో పాఠంలో ఉంది. ఇక ‘కన్నా తక్కువ’ గుర్తు (<), దాని పక్కన హెచ్‌టీఎంఎల్ అనో ‘డాక్‌టైప్’ అనో ఉంటే అది పత్రమే కాదు, వెబ్ పేజీ.

ఈ ఆరు గుర్తులూ కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరి చేతా నేను మొదట చేయించిన పని అదే.

చూశాక కూడా ఒక మెలిక ఉంటుంది. ఆధార్ పీడీఎఫ్ లోపల అంతా సరిగ్గానే ఉన్నా తెరుచుకోదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, దాని వెంట పుట్టిన సంవత్సరం, మొత్తం ఎనిమిది. ఇది తెలియక ‘ఫైలు పాడైంది’ అని తెచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అది ఎక్స్‌టెన్షన్ జబ్బు కాదు కాబట్టి దానికి ఆ మందు వేయకూడదు.

4. పేరు మారిస్తే చాలేవి, రకమే మార్చవలసినవి

పరీక్ష దరఖాస్తుల రోజుల్లో ఎక్కువగా వచ్చే తగువు ఇది. ‘తాతగారూ, ఫొటో సైజు సరిపోయింది, అయినా సైటు తీసుకోవడం లేదు’ అని అడుగుతుంది ఒక అమ్మాయి. చూస్తే ఫొటో చివర ‘.జేఎఫ్ఐఎఫ్’ అని ఉంటుంది. సైటుకు ‘.జేపీజీ’ కావాలి.

జేఎఫ్ఐఎఫ్ అన్నది 1990ల తొలినాళ్ల నుంచి ఉన్న జేపెగ్ ఫైలు కట్టుబాటే. లోపల ఉన్నది నికార్సైన జేపెగ్. విండోస్ 10లో చాలా కంప్యూటర్లలో రిజిస్ట్రీ అనే సెట్టింగుల పుస్తకంలో ‘ఇమేజ్/జేపెగ్’ అనే రకానికి ఎదురుగా ఎక్స్‌టెన్షన్ ‘.జేఎఫ్ఐఎఫ్’ అని నమోదై ఉంటుంది. సర్వర్ ‘ఇది ఇమేజ్/జేపెగ్’ అని సరిగ్గానే చెప్పింది. క్రోమ్ ఆ రకానికి ఏ తోక తగిలించాలని విండోస్‌ను అడిగింది. విండోస్ తన పుస్తకంలో ఉన్నది చెప్పింది. ముగ్గురూ తమ పని తాము చేశారు. మధ్యలో ఇరుక్కున్నది ఆ అమ్మాయి. ‘.జేఎఫ్ఐఎఫ్’ తీసి ‘.జేపీజీ’ అని రాయండి, చాలు. ఫొటో చుక్కంత కూడా చెడదు. మళ్లీ మళ్లీ ఈ బాధ వద్దనుకుంటే, రిజిస్ట్రీ బాగా తెలిసినవాళ్ల చేత, ముందు దాని బ్యాకప్ తీయించి, మైమ్ డేటాబేస్‌లో ఆ ఒక్క మాట మార్పించుకోవచ్చు. తెలియనివాళ్లు రిజిస్ట్రీ జోలికి పోవద్దు.

వెబ్‌పీ సంగతి వేరు. అది 2010లో గూగుల్ తెచ్చిన మరో రకం బొమ్మ. దాని పేరు చివర ‘.జేపీజీ’ అని రాస్తే కొన్ని ప్రోగ్రాములు తెరుస్తాయి, ఎందుకంటే అవి లోపల చూసి పోల్చుకుంటాయి. దరఖాస్తు సైటు మాత్రం తీసుకున్నట్టే తీసుకుని, తీరా ప్రింటులో ఫొటో ఉండవలసిన చోట ఖాళీ గడి చూపిస్తుంది. ఐఫోన్ 2017 నుంచి తీస్తున్న హెచ్‌ఈఐసీ ఫొటోలదీ ఇదే కథ. వీటిని పెయింట్‌లోనో మరో ప్రోగ్రాములోనో తెరిచి ‘సేవ్ యాజ్’ నొక్కి జేపెగ్‌గా కొత్తగా దాచాలి. పేరు దిద్దడం వేరు, రకం మార్చడం వేరు. ఏది అవసరమో మూడో పాఠంలో చెప్పిన మొదటి వరుస చూస్తేనే తెలుస్తుంది.

5. జిప్ అని వచ్చిన ప్రతిదాన్నీ విప్పకండి

ఉద్యోగ దరఖాస్తు నమూనా వర్డ్ ఫైలుగా ఉందని సైటులో రాసి ఉంటుంది. డౌన్‌లోడ్ చేస్తే ‘.జిప్’ వస్తుంది. విప్పితే నాలుగైదు ఫోల్డర్లు, వాటి నిండా ఎక్స్‌ఎంఎల్ ముక్కలు. ‘ఇందులో ఫారం ఎక్కడుంది?’ అని అడుగుతారు.

ఆఫీస్ 2007 నుంచి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు నిజానికి జిప్ మూటలే. డీఓసీఎక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఫోన్ యాప్‌ల ఏపీకే, అన్నీ పీ కే అనే రెండక్షరాలతోనే మొదలవుతాయి. జిప్ పద్ధతిని 1989లో తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరు పొడి అక్షరాలవి. సర్వర్‌కు ఆ కొత్త రకాల పేర్లు నేర్పకపోతే అది రకం చెప్పలేదు. అప్పుడు పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపలికి తొంగి చూసి, పీ కే కనబడింది కాబట్టి జిప్ అని తేల్చేది. ఇప్పటికీ కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో ఈ తగువు కనబడుతుంది. విప్పకుండా పేరు చివర ‘.డీఓసీఎక్స్’ అని మార్చండి, వర్డ్‌లో శుభ్రంగా తెరుచుకుంటుంది.

6. చక్కటి పేరున్న ఫైలును ఇంకా జాగ్రత్తగా చూడండి

ఇంతవరకు చెప్పింది మంచి ఫైలుకు తప్పు పేరు వచ్చిన సంగతి. దీనికి తలకిందులైనది ఎక్కువ నష్టం చేస్తుంది.

ఒక కుర్రాడు స్కాలర్‌షిప్ కోసం ధ్రువపత్రం డౌన్‌లోడ్ చేసుకున్నాడు. పేరు చివర ‘.పీడీఎఫ్’ చక్కగా ఉంది. తెరిచి చూడకుండానే కాలేజీ పోర్టల్‌లో ఎక్కించాడు. పోర్టల్ కూడా ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చూసి తీసుకుంది, ఆకుపచ్చ టిక్కు చూపించింది. పరిశీలన మొదలైనప్పుడు ‘పత్రం చదవడానికి వీలుగా లేదు, తిరస్కరించాం’ అని వచ్చింది. అప్పటికి గడువు పోయింది. నా దగ్గరకు తెస్తే నోట్‌ప్యాడ్‌తో తెరిచాను. లోపల ఉన్నది లాగిన్ పేజీ. అతను డౌన్‌లోడ్ నొక్కేసరికి సైటు అతన్ని బయటికి పంపేసింది. పత్రం పంపవలసిన చోట ‘మళ్లీ లాగిన్ అవ్వండి’ అనే పేజీ పంపింది. ఆ పేజీనే పీడీఎఫ్ పేరుతో కంప్యూటర్లో దాచి ఉంచింది బ్రౌజర్.

ఆ కుర్రాడి తప్పు నాకు ఇందులో ఎక్కడా కనబడలేదు. పేరు పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫ్ అనుకోవడం సహజం. అయినా శిక్ష అతనికే పడింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అందుకే ఎవరు వచ్చినా సరే, డౌన్‌లోడ్ అయిన వెంటనే తెరిచి మనిషికి చూపించి, ‘ఇది మీ పేరేనా, మీ నాన్నగారి పేరు సరిగ్గా ఉందా’ అని అడిగాకే పంపుతాను. సైజు కూడా చూడండి. ముద్ర, క్యూఆర్ కోడ్ ఉన్న ధ్రువపత్రం సాధారణంగా పదుల కేబీల్లోనో వందల కేబీల్లోనో ఉంటుంది. మూడు నాలుగు కేబీలే ఉంటే అనుమానించండి. అలాంటప్పుడు పేరు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. మళ్లీ లాగిన్ అయి, ఆలస్యం చేయకుండా మళ్లీ డౌన్‌లోడ్ చేయడం ఒక్కటే దారి.

7. ‘ఎక్స్‌పోర్ట్ టు ఎక్సెల్’

చాలా సైట్లలో ఈ బటన్ నొక్కితే వచ్చేది ఎక్సెల్ ఫైలు కాదు. వెబ్ పేజీలోని పట్టికనే ‘.ఎక్స్‌ఎల్‌ఎస్’ అని పేరు పెట్టి పంపుతారు. తెరవబోతే ‘ఫైలు రకానికీ ఎక్స్‌టెన్షన్‌కూ పొంతన లేదు’ అని ఎక్సెల్ హెచ్చరిస్తుంది. నమ్మకమైన సైటు నుంచి మీరే తెచ్చుకున్నదైతే ‘ఎస్’ నొక్కి తెరిచి, వెంటనే ‘.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్’గా దాచి అప్పుడు పంపండి. అలా చేయకపోతే అవతలి మనిషి ఫోన్‌లో అది తెరుచుకోకపోవచ్చు.

8. చుక్కలు, ఖాళీలు, మన లిపి

మన పేర్ల వల్ల వచ్చే చిక్కులు మనకే ఎక్కువ తెలియాలి. ఈ పాఠాన్ని కొంచెం విడమరిచి చెబుతాను.

ముందు ఖాళీల సంగతి. సర్వర్ ఫైలు పేరు పంపేటప్పుడు పేరులో ఖాళీ ఉంటే మొత్తం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. పెట్టకుండా ‘ఇన్‌కమ్ సర్టిఫికేట్.పీడీఎఫ్’ అని పంపితే క్రోమ్ సర్దుకుని మొత్తం తీసుకునేది. ఫైర్‌ఫాక్స్ కట్టుబాటును తు.చ. తప్పకుండా పాటించి మొదటి ఖాళీ దగ్గరే ఆగేది. చేతికి ‘ఇన్‌కమ్’ అని ఒక్క ముక్క వచ్చేది, ఎక్స్‌టెన్షన్ ఊడిపోయేది. తప్పు ఫైర్‌ఫాక్స్‌ది అనుకుని దాన్ని తీసేసినవాళ్లను నేను ఎరుగుదును. నిజానికి తప్పు పంపినవాళ్లది.

తర్వాత చుక్కలు. కంప్యూటర్ పేరులోని చివరి చుక్క తర్వాత ఉన్నదాన్నే ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క, ఆ తర్వాత పేరు. సైటు చివర ‘.పీడీఎఫ్’ పెట్టడం మరిచి ‘పి.రామారావు’ అని పంపిందనుకోండి. బ్రౌజర్‌కు అందులో ఒక చుక్క కనబడింది కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఉందనే అనుకుని ఊరుకుంటుంది. విండోస్ మాత్రం ‘రామారావు’ అనే రకం ఫైలు తెరవడానికి ఏ ప్రోగ్రాము వాడాలని మనల్ని అడుగుతుంది! ఇక్కడి భూమి కాగితం బీ-1ను ఎవరైనా ‘బి.1’ అని రాసినా ఇదే గొడవ. పేరు చివర ‘.పీడీఎఫ్’ చేర్చండి, తెరుచుకుంటుంది. మీరు దాచుకునే ఫైళ్లకు మాత్రం చుక్కల బదులు అడ్డగీత వాడండి.

ఇక మన లిపి. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు చోటుంది. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, హిందీకీ అంతే. ఇక్కడ సంకేతం అంటే మనం పలికే అక్షరం కాదు. గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, సున్న వేరు. ‘తెలుగు’ అన్న మాటలో ఆరు సంకేతాలున్నాయి. కొన్ని సర్వర్లు ఈ బైట్లను నేరుగా పంపకుండా ఒక్కోదాన్ని శాతం గుర్తు, దాని పక్కన రెండక్షరాలుగా మార్చి పంపుతాయి. అంటే ఒక్క సంకేతానికి తొమ్మిది అక్షరాలు. ‘తెలుగు’ 54 అక్షరాలవుతుంది. ‘ఆదాయ ధ్రువీకరణ పత్రం’ అని పేరు పెడితే ఖాళీలతో కలిపి 168. అందుకే డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో శాతం గుర్తులతో బారెడు పొడుగు పేర్లు కనబడుతుంటాయి. వాటిని చూసి వైరస్ అని చెరిపేయకండి.

కంప్యూటర్లలో, ఫోన్లలో ఫైలు పేరుకు 255 దాకానే చోటు. ఆండ్రాయిడ్‌లో అది 255 బైట్లు. శాతం గుర్తుల రూపంలో వచ్చిన పేరులో 28 సంకేతాలుంటే అదే 252 అవుతుంది. దానికి చుక్కతో కలిపి ‘.పీడీఎఫ్’ నాలుగు చేరితే 256. ఒక్కటి ఎక్కువ. అప్పుడు ఎక్కడో ఒకచోట కోయాలి. బుద్ధిగా రాసిన ప్రోగ్రాము పేరు మధ్యలో కోసి ఎక్స్‌టెన్షన్‌ను కాపాడుతుంది. అలా రాయనిది చివర్నుంచి కోసేస్తుంది, మొదట పోయేది ఆ నాలుగే. ఇంగ్లీషు పేరుతో ఇదే పత్రం ఎప్పుడూ చెడదు. మన భాషలో పేరు పెట్టినందుకు మనిషి మళ్లీ తిరగాలా? అది న్యాయం కాదని నేను గట్టిగా అంటాను. మార్గం కూడా ఉంది, పదకొండో పాఠంలో రాశాను.

9. సగంలో ఆగిన డౌన్‌లోడ్

‘.సీఆర్‌డౌన్‌లోడ్’ అంటే క్రోమ్ ఇంకా తెస్తోందని అర్థం. ఫైర్‌ఫాక్స్ దాన్ని ‘.పార్ట్’ అంటుంది. వాన పడి కరెంటో నెట్టో పోతే ఇవి మిగిలిపోతాయి. పేరు మార్చినంత మాత్రాన మిగతా సగం రాదు. పీడీఎఫ్ మొత్తం వచ్చిందో లేదో అనుమానమైతే నోట్‌ప్యాడ్‌లో చివరి వరుస చూడండి. రెండు శాతం గుర్తులు, ఈ ఓ ఎఫ్ అన్న అక్షరాలు ఉండాలి. లేకపోతే మళ్లీ డౌన్‌లోడ్ చేయండి.

10. చివరి చుక్క తర్వాత ఉన్నదే అసలు రకం

పేరును దురుద్దేశంతో తప్పుగా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరి ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రేమలేఖ పేరుతో ‘.టీఎక్స్‌టీ.వీబీఎస్’ అనే జంట తోకతో వచ్చింది. విండోస్ చివరిదాన్ని దాచేయడంతో జనానికి టీఎక్స్‌టీ ఒక్కటే కనబడింది, మామూలు ఉత్తరమనుకుని నొక్కారు. మొదటి పాఠం ముందు ఎందుకు పెట్టానో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు అదే మోసం వాట్సాప్‌లో నడుస్తోంది. పెళ్లి శుభలేఖ అని, ఆర్టీఓ చలాన్ అని, పీఎం కిసాన్ జాబితా అని ఫైలు వస్తుంది. చివర ఏపీకే ఉంటుంది. ఏపీకే అంటే ఫోన్‌లో ఎక్కే ప్రోగ్రాము. ఏ శుభలేఖా, ఏ చలానూ ఆ రూపంలో రాదు. పేరు మార్చి చూద్దాం, లోపల ఏముందో చూద్దాం అనే పని దీనితో వద్దు. నేను ఇంతసేపు నేర్పిన పరీక్షలన్నీ మీరు మీ చేత్తో, మీకు తెలిసిన సైటు నుంచి తెచ్చుకున్న ఫైళ్లకు మాత్రమే. అడగకుండా వచ్చినదాన్ని చెరిపేయండి. ఇప్పటికే నొక్కి డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయించండి. సిగ్గుపడి ఇంట్లో చెప్పని పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను గద్దించకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయించండి.

11. సైట్లు రాసే మన పిల్లలకు

హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో కూర్చుని ఇలాంటి సైట్లు రాసేవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. నాయనా, ఇంతవరకు నేను చెప్పినవన్నీ బల్లకు ఇటువైపు చేసుకునే మరమ్మతులు. జబ్బు పుట్టేది మీ దగ్గర, కుదిరేదీ మీ దగ్గరే. నా మనవి చదవండి.

పంపే ఫైలు రకం సరిగ్గా చెప్పండి. తెలియదన్నట్టు అన్నిటికీ ‘అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్’ అని పెట్టి వదిలేయకండి. ఆ మాటకు ‘ఏవో బైట్లు’ అని తప్ప అర్థం లేదు. అది అందుకున్న ఫోన్ ఆ ఫైలు చివర ‘.బిన్’ తగిలిస్తే దాని తప్పేముంది? ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సర్వర్ మాట నమ్మకుండా తనే లోపల చూసి రకం నిర్ణయించేది. బొమ్మ అని పంపినదాంట్లో వెబ్ పేజీ దాచి దాడులు చేయడానికి అది దారి ఇచ్చింది. దాంతో 2009లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో ‘నోస్నిఫ్’ అనే కట్టడి తెచ్చారు, మిగతా బ్రౌజర్లూ దాన్ని తీసుకున్నాయి. అంటే ఇప్పుడు బ్రౌజర్ మీ మాటను ఇదివరకటికన్నా ఎక్కువ నమ్ముతోంది. మీరు తప్పు చెబితే దిద్దేవాడు మధ్యలో లేడు.

ఫైలు పేరును ఎక్స్‌టెన్షన్‌తో సహా పంపండి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. తెలుగు, హిందీ పేర్ల కోసం 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6266లో చోటు కల్పించారు. ‘ఫైల్‌నేమ్’ అనే మాట పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, యూటీఎఫ్-8 అని చెప్పి పేరు ఇస్తే బ్రౌజర్ దాన్ని విప్పి మన లిపిలోనే దాచుతుంది. పాత బ్రౌజర్ల కోసం పక్కనే నక్షత్రం లేని చిన్న ఇంగ్లీషు పేరు కూడా ఇవ్వండి. లాగిన్ గడువు తీరిపోతే ఆ పేజీని ఫైలు పేరుతో పంపకండి. తప్పు జరిగిందని బ్రౌజర్‌కు తెలిసేలా తగిన కోడ్ పంపి, మనిషికి తెరమీద చెప్పండి. ఎవరైనా ఫైలు ఎక్కిస్తున్నప్పుడు ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చూసి ఆకుపచ్చ టిక్కు ఇవ్వకండి. మొదటి నాలుగు బైట్లు చదవడానికి మీ ప్రోగ్రాములో నాలుగు వరుసలు పడతాయి. ఆ నాలుగు వరుసలు ఉండి ఉంటే ఆరో పాఠంలోని కుర్రాడికి తప్పు ఆ రోజే తెలిసేది, స్కాలర్‌షిప్ దక్కేది.

విడుదల చేసే ముందు మీ ఆఫీసు కంప్యూటర్లో, మీ ఒక్క బ్రౌజర్‌లో చూసి సరిపెట్టుకోకండి. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూడండి. పేరులో ఒక ఖాళీ, ఒక చుక్క, ముప్పై దాటిన తెలుగు సంకేతాలు ఉన్న పత్రం ఒకటి తయారుచేసుకుని దాన్ని దించి చూడండి. నెట్ నెమ్మదిగా ఉన్న చోట, లాగిన్ గడువు తీరాక కూడా ఒకసారి నొక్కి చూడండి.